చదవకుండా కాదనని మనిషి

గురువారం పొద్దున ఆఫీసు మీటింగ్‌లో ఉండగా అమెరికాలోని మా తెలుగు చర్చి గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఆయన పోయారు. ముందురోజు సాయంత్రం గుండెపోటట.

టేబుల్ కింద ఫోన్ పట్టుకుని చదువుతుండగానే సంతాపాలు ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. పదింటికల్లా నలభై దాటాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, లెక్కపెట్టాను. మా నాన్నగారు పోయినప్పుడు ఇదే గ్రూపులో పంతొమ్మిదే వచ్చాయి.

మధ్యాహ్నం షామ్‌బర్గ్ నుంచి, అక్కడ ఉద్యోగం చేసే మా అమ్మాయి షారోన్ ఫోన్ చేసింది.

"నాన్నా, రేపటికి ఫ్లైట్ బుక్ చేశాను. నువ్వు ఎయిర్‌పోర్ట్‌కి రాగలవా, లేకపోతే క్యాబ్ తీసుకోనా?"

గొంతు బొంగురుపోయి ఉంది. కిందటి వేసవిలో నా మోకాలి ఆపరేషన్‌కి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని రాలేకపోయిన పిల్ల ఇది. "వస్తాన్లే" అన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, ఆయన గురించి చెప్పే హక్కు నాకేదో ఉన్నట్టు కనిపిస్తుంది.

పొట్టి మనిషి. మెదక్ వైపువారు. దగ్గర్లోని అల్ఫారెట్టాలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. చొక్కా జేబులో ఎప్పుడూ అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరొకటి ఉండేది. ఆరాధన అయ్యాక అందరం టీ కప్పులు పట్టుకుని నిలబడితే, ఆయన కళ్లు మాత్రం ఎదుటివాళ్ల కళ్లజోళ్ల మీద ఉండేవి. "జర ఇటియ్యమ్మా" అని చెయ్యి చాచేవారు. వదులైన స్క్రూ బిగించి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, తన చేతులతోనే వాళ్ల చెవుల మీద పెట్టేవారు. మా చర్చిలో సగం కళ్లజోళ్ల మీద ఆయన చెయ్యి పడింది. నావి మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. వదులైతే ఇంట్లో నేనే బిగించుకునేవాణ్ణి.

దైవశాస్త్రం చదవడానికి ఈ దేశం వచ్చి సగంలో మానేశారని అందరికీ తెలుసు. ఎందుకు మానేశారని అడిగింది నేనొక్కణ్ణే. ఆ అడగడంలో ప్రేమేమీ లేదు.

"పరీక్షలు ఆపిన తమ్మీ, పుస్తకాలు ఆపలే" అన్నారాయన, నవ్వుతూ.

మొదటిసారి ఆయన మా చర్చికి వచ్చిన రోజు పెద్దల బైబిల్ క్లాసు చెబుతున్నాను. మాది అద్దె హాలు. పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం రెండింటికి మాకిస్తారు. ఆ క్లాసు అప్పటికి ఎనిమిదేళ్లుగా నాదే. నేను పాస్టరు గారి అబ్బాయిని, మా నాన్నగారు ఇండియాలో సంఘం నడిపారు. ఐదో ఏటి నుంచీ వాక్యాలు కంఠతా పట్టి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. ఆఫీసులో నేనెవరికీ పెద్దగా అక్కర్లేదు. డేటాబేస్ పడిపోయినప్పుడు తప్ప నా పేరు ఎవరికీ గుర్తురాదు. కానీ ఆదివారం రెండున్నరకి ముప్పైమంది నోట్సు పుస్తకాలు తెరుచుకుని నావైపు చూసేవాళ్లు.

ఆ రోజు పాఠం, ఏసు జీవితం చెప్పే సువార్తలు బైబిల్లో నాలుగే ఎందుకున్నాయన్నది. రెండో శతాబ్దంలో గాల్ దేశపు బిషప్పు ఒకాయన, లోకానికి నాలుగు దిక్కులు, నాలుగు గాలులు ఉన్నట్టే సంఘానికి నాలుగు సువార్తలు అని రాసిన సంగతి చెప్పాను. అది పుస్తకంలో చూసుకున్నదే. ఆ ఊపులో సొంతంగా ఇంకో మాట కలిపాను. "మిగిలిన సువార్తలని చెప్పుకునేవన్నీ సాతాను రాతలండి. ఆనాటి సంఘ పెద్దలెవరూ వాటిని చేత్తో కూడా ముట్టుకోలేదు."

వెనక వరసలో ఒక చెయ్యి చెవిదాకా లేచింది.

"ముట్టుకున్నరు తమ్మీ."

ముప్పై తలలూ వెనక్కి తిరిగాయి.

"అలెగ్జాండ్రియాల ఒక పెద్ద పండితుడుండె. సంఘానికి నాలుగే అన్నోడే. కాని మిగిలినయి గూడ నేను చదివిన అని చెప్పిండు. అవి చదివి మాకే అంత తెలుసు అనుకునేటోళ్ల ముందట మనం తెల్వనోళ్ల లెక్క నిలబడొద్దని. అదే ఊర్ల ఇంకొకాయన బయటి సువార్త నుంచి ఒక మాట ఎత్తి రాసిండు. రాసి, ఇది మనకు అందిన నాలుగింట్ల లేదు సుమా అని పక్కన చెప్పిండు. వాళ్లు దాచలే. చదివి, తూచి, పక్కకు పెట్టినరు."

చెప్పేసి, అనవసరంగా మాట్లాడానా అన్నట్టు తల దించుకున్నారు. ఎవరో "అయితే వాటిల్లో ఏముందండీ?" అని అడిగారు. నన్ను కాదు, ఆయన్ని. మిగిలిన ఇరవై నిమిషాలూ నేను బోర్డు దగ్గర మార్కర్ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన చెప్పే తీరులో ఒక మాయ ఉండేది. అది నాకు అబ్బలేదు. వందల ఏళ్ల కిందటి బిషప్పుల గురించి పక్క వీధిలో ఉండే మేనమామల గురించి చెప్పినట్టు చెప్పేవారు. "ఆ పెద్దాయనకు కోపమెక్కువ. రాస్తే అవతలోణ్ణి చీల్చి చెండాడుడే" అనేవారు. "చరిత్ర రాసిన బిషప్పు ఒకాయన ఉండె, మస్తు జాగ్రత్త మనిషి. అందరు ఒప్పుకున్నయి ఒక దిక్కు, కొందరు అనుమానపడ్డయి ఒక దిక్కు, పనికిరానియి ఒక దిక్కు పెట్టిండు. మా అమ్మ బియ్యం ఏరినట్టు." ఈ మాటకి మా ఆవిడ నవ్విన నవ్వు నాకిప్పటికీ గుర్తు. నా పాఠాల్లో ఆవిడెప్పుడూ నవ్వలేదు.

ఎవరైనా ఒక పుస్తకాన్నో మనిషినో తీసిపారేస్తే ఆయన ఒకటే అడిగేవారు. "చదివినవా?" గద్దింపేమీ ఉండేది కాదు. చదివి ఉంటే ఏముందో తెలుసుకోవాలన్న ఆశతో అడిగేవారు. అందుకే మరింత మండేది.

ఆయన్ని మించాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. లావుపాటి పుస్తకాలు తెప్పించాను. లంచ్ టైములో కారులో కూర్చుని చదివాను. మూడు నెలలు తయారై, తొలి సంఘ పెద్దల మీద ఒక పాఠం చెప్పాను. గ్రీకు మాటలు కూడా వేశాను. అయ్యాక ఆయన వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "మస్తు కష్టపడ్డవ్ తమ్మీ. మంచిగ చెప్పినవ్" అన్నారు. కళ్లలో నిజమైన సంతోషం. ఆయన తప్పు పట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇలా ఆరేళ్లు గడిచాయి. ఆయన క్లాసు కావాలని ఒక్కసారీ అడగలేదు. నేను మర్యాదకి ఇస్తానంటే ఒద్దన్నారు కూడా.

అప్పుడు షారోన్ కాలేజీలో చేరింది. మొదటి సెమిస్టర్ అయ్యాక ఇంటికొచ్చి, ఆదివారం చర్చికి రానంది. భోజనాల బల్ల దగ్గర గొడవైంది.

"రోమ్ ఎంపరర్ ఒక మీటింగ్ పెట్టి, ఓటింగ్ చేసి, ఫోర్ గాస్పెల్స్ ఉంచి మిగతావన్నీ హైడ్ చేశాడు నాన్నా. మీకు ఎవరూ చెప్పలేదు, అంతే."

"ఎవడు చెప్పాడే నీకు? అవన్నీ చెత్త."

"నేను ఒకటి రీడ్ చేస్తున్నాను. చెత్త కాదు. కొన్ని పార్ట్స్ చాలా బ్యూటిఫుల్‌గా ఉన్నాయ్." బల్ల మీదున్న లాప్‌టాప్ నావైపు తిప్పింది.

నేను దాని మూత దబ్బున మూసేశాను. దాని వేళ్లు ఇంకా కీబోర్డు మీదే ఉన్నాయి.

అది వేళ్లు లాక్కుని నావైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. "నువ్వు చదివావా నాన్నా, అసలు ఒక్కటైనా?" అంది. ఆ ప్రశ్న ఎవరిదో నాకు తెలుసు.

ఆ వారమే అది ఆయన దగ్గరికెళ్లింది. తర్వాత సెలవులున్నప్పుడల్లా వెళ్లింది. కాలేజీ నుంచి శనివారాలు డ్రైవ్ చేసుకుని వచ్చి మరీ వెళ్లింది. దాంతోపాటు చర్చిలోని ఇంకో నలుగురైదుగురు పిల్లలు, ఇద్దరు ఎం.ఎస్. స్టూడెంట్లు చేరారు. ఆయన అపార్ట్‌మెంట్ కింద కమ్యూనిటీ రూములో కూర్చుని ఆ బయటి సువార్తలన్నీ ఒక్కొక్కటే చదివారు.

రెండు నెలలకి షారోన్ ఆదివారం మళ్లీ చర్చికి వచ్చింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను దేవునికి స్తోత్రం చెప్పాల్సినవాణ్ణి. కానీ అది మా పక్కన కూర్చోలేదు. వెనక, ఆయన వరసలో కూర్చుంది. నేను పాఠం చెబుతుంటే మధ్యలో ఆయన చెవిలో ఏదో అడిగింది. ఆయన నోటి మీద వేలు పెట్టి నన్ను చూపించారు, నాన్న చెబుతున్నాడు విను అన్నట్టు.

ఆ సైగతో నాలో ఏదో తెగింది. నా కూతురికి నా మాట వినమని ఆయన చెప్పాలా!

మర్నాడు ఇక్కడి మా పాస్టరు గారికి ఫోన్ చేశాను. "అయ్యగారూ, మన పిల్లలకి అబద్ధ సువార్తలు నేర్పిస్తున్నారండి. రేపు తల్లిదండ్రులు అడిగితే మనమేం చెబుతాం?" అన్నాను. నా సొంత బిడ్డ కూడా చిక్కుకుందని గొంతు వణికించాను. ఆ వణుకులో అబద్ధం కొంతే, అందుకే అయ్యగారు నమ్మారు. చర్చి పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. పాస్టరు గారి అబ్బాయి మాట కదా, నన్నెవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఫిర్యాదు ఎవరిదో బయటపెట్టకుండా, శనివారం క్లాసు ఆపమని ఆయనకి చెప్పారు. ఆయన "సరే అయ్యగారూ" అన్నారట. అంతే.

రెండు వారాల తర్వాత నేను కారు డోరు వేస్తూ కళ్లజోడు విరగ్గొట్టుకున్నాను. ఆయన పనిచేసే దుకాణం తప్ప దగ్గర్లో ఇంకోటి లేదు. అది శనివారం. ఆయన సెలవులో ఉంటారనుకున్నాను. క్లాసు ఆగిపోయింది కనక శనివారాలు పనికొస్తున్నారని అక్కడికెళ్లాకే తెలిసింది.

కొత్త ఫ్రేము తయారయ్యాక ఆయనే తెచ్చి నా ఎదుట చిన్న స్టూలు మీద కూర్చున్నారు. చెవుల వెనక వేళ్లు పెట్టి కాడలు సరిచేస్తున్నారు. అంత దగ్గరగా ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. నేను తల తిప్పుకోవడానికి లేదు.

"తమ్మీ, ఒక్క శనివారమన్న వచ్చి విన్నవా?"

ఆయనకి తెలుసు. పెద్దలు చెప్పకపోయినా తెలుసు.

"లేదండి" అన్నాను.

ఆయన కాడ తీసి కొంచెం వేడి చేసి వంచి మళ్లీ పెట్టారు. తర్వాత చిన్నగా చెప్పడం మొదలుపెట్టారు.

"అంతియొకయల ఒక బిషప్పుండె. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరికి పోయిండు. ఆడ ఒక అపొస్తలుని పేరు మీద ఉన్న సువార్త చదువుతున్నరు, అదేందో జగడమైతున్నది. ఇంత చిన్నదానికి లొల్లి ఎందుకు, చదువుకోనియ్యున్రి అన్నడు. కాని ఆ పుస్తకం ఆయన చదవలే. తర్వాత ఎవరో వచ్చి అండ్ల తేడా ఉన్నదని చెప్పినరు. అప్పుడు పుస్తకం అడిగి తెప్పించుకున్నడు. మొత్తం చదివిండు. చాలమట్టుకు మంచిగనే ఉన్నది, కొన్ని మాటలు మాత్రం కలిపినరు అని ఆ ఊరోళ్లకు జాబు రాసిండు. ఏవేవి కలిపినరో గూడ వరుసగ రాసిచ్చిండు."

"మీరు నన్ను..." అని ఆగిపోయాను.

"ఆయన ఎందుకిష్టమంటే తమ్మీ, చదవకుండ మాట జారిన అని తన జాబుల తనే ఒప్పుకున్నడు. బిషప్పు! రాయకపోతే ఎవరికి తెల్సు?"

ఆయన వేళ్లు ఇంకా నా చెవుల దగ్గరే ఉన్నాయి. అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. అన్నయ్యా, నాకు మీరంటే భయం లేదు, అబద్ధ సువార్తలంటే భయం లేదు, నా కూతురు మీ పక్కన కూర్చోవడం చూడలేకపోయానంతే. ఒక్క వాక్యం. కానీ నేను "థాంక్సండి, బానే ఉంది" అని లేచాను.

ఆయన లోపలికెళ్లి కాగితాల కట్ట తెచ్చి చేతిలో పెట్టారు. "శనివారాలు చెప్పినయన్ని ఇండ్ల ఉన్నయి. తీరిగ్గ చూడు."

పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చునే చదివాను. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, గుండ్రటి చేతిరాత. చక్రవర్తి ఓట్లు పెట్టి ఎంచాడన్న మాట దగ్గరే మొదలైంది. ఆ చక్రవర్తి పుట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే గాల్ బిషప్పు నాలుగంటే నాలుగే అని వాదించాడని మా అమ్మాయి ప్రశ్న కింద జవాబు రాసి ఉంది. ఇంకోచోట ఏసు బాల్యం గురించిన బయటి సువార్త. ఆ పిల్లవాడు మట్టితో పిచ్చుకలు చేసి ఎగరేస్తాడు. తర్వాత తన భుజానికి తగిలిన పిల్లాణ్ణి శపించి చంపేస్తాడు. కింద ఆయన ప్రశ్న ఒకటే: "కుష్ఠురోగిని ముట్టుకున్న మనిషి చిన్నప్పుడు ఇట్ల ఉంటడా? మీరే చెప్పున్రి." దాని పక్కన షారోన్ చేతిరాత, ఇంగ్లీషులో. ఈ పిల్లవాణ్ణి నేను గుర్తుపట్టలేకపోతున్నాను అని రాసింది.

నేను తిట్టి, మూత మూసి, చెప్పించలేకపోయిన మాట అది. ఆయన చెప్పకుండా దాని చేతనే రాయించారు.

ఆ కాగితాల్లో తప్పు ఒక్కటీ దొరకలేదు. వెతికాను. నిజంగా వెతికాను. పెద్దలకి చూపించి "నేను పొరబడ్డాను" అని ఉంటే శనివారం క్లాసు మళ్లీ మొదలయ్యేది. నేను కట్ట తీసుకెళ్లి గరాజ్‌లో పై అరలో పెట్టాను. నాలుగేళ్లు అక్కడే ఉంది. ఆయన ఆదివారాలు వచ్చారు, టీ తాగారు, కళ్లజోళ్లు బాగుచేశారు, నాకు "వందనాలు తమ్మీ" చెప్పారు. కాగితాల ఊసు మళ్లీ ఎత్తలేదు.

శనివారం సమాధి కార్యక్రమం. హాలు నిండి, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. షారోన్ మాట్లాడింది. దాని తెలుగు తడబడింది, చివరలు మింగేసింది, అయినా ఇంగ్లీషులోకి మారలేదు. "నేను గాడ్‌ని వదిలేద్దామనుకున్నప్పుడు అంకుల్ నన్ను ఆపలేదు. నాతో వచ్చాడు, చూద్దాం పద అని" అంది. ముందు వరసలో పాస్టరు గారు తల వంచుకున్నారు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నాకు కన్నీళ్లు రాలేదు. నేను పోయిన రోజు ఇది ఇలా మాట్లాడుతుందా అని మాత్రమే ఆలోచిస్తున్నాను.

ఖననం అయ్యాక మా ఆవిడ భోజనాలు వడ్డించడానికి ఆగిపోయింది. నేనూ షారోన్ కారులో ఇంటికి బయల్దేరాం. హైవే దిగాక, స్టీరింగ్ మీద నా చేతులు చూసుకుంటూ అన్నాను.

"అమ్మా, ఆ శనివారం క్లాసు ఆపించింది నేనే. అయ్యగారికి నేనే ఫోన్ చేశాను. ఆయన తప్పేమీ లేదు. రేపు పెద్దలకి కూడా చెబుతాను."

అది కిటికీలోంచి బయటికే చూస్తోంది.

"నాకు తెలుసు నాన్నా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. గెస్ చేశాను. అంకుల్‌ని అడిగాను. ఆయన అబద్ధం చెప్పడు కదా. నేను ఇంక ఇంటికి రానన్నాను, అప్పుడు. ఆయనే పంపించాడు. ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఫోన్ చేసి అడిగేవాడు, టికెట్ బుక్ చేసినవా బిడ్డా అని."

నేను కారు పక్కకి తీసి ఆపాను. నాలుగేళ్లుగా పండక్కి తలుపు తీసి దాన్ని చూసిన ప్రతిసారీ, ఎంత దూరమున్నా నా బిడ్డ నాకోసం వస్తుంది అనుకున్నాను. మా ఆవిడతో కూడా అదే అన్నాను, గర్వంగా.

"ఇంకేమన్నారు?" అని అడిగాను.

"నువ్వు ఒకరోజు నాకు చెప్తావన్నాడు. నీ అంతట నువ్వే."

"నువ్వేమన్నావ్?"

అది నావైపు తిరిగింది. మస్కారా కరిగి చెంపల మీదకి కారింది.

"చెప్పవన్నాను నాన్నా. సారీ."

నా మీద నా కూతురికి లేని నమ్మకం ఆయనకి ఉంది. అది వింటే ఎవరికైనా కృతజ్ఞత కలగాలి. నాకూ కలిగింది, కొంచెం ఆలస్యంగా, ఇల్లు చేరాక. కానీ ఆ రోడ్డు పక్కన, ఇండికేటర్ టక్కు టక్కుమంటుండగా, మట్టి కప్పి గంటైనా కాని ఆ మనిషి మీద నాకు కలిగింది అసూయే. ఇంతకుముందెన్నడూ లేనంత అసూయ.